మన హాస్టల్ కూలగొట్టాల్నా, బాగు చేయాల్నా?



పోయిన వానకాలం ఒక రాత్రి మూడో రూములో స్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడ్డ సంగతి మీ అందరికీ తెలుసు. ఆ మంచం మీది చెల్లె అప్పుడే నీళ్ళు తాగడానికి లేచింది. లేకపోతే ఏమయ్యేదో! తెల్లారి ఇంజనీరు సారు వచ్చి చూసి పోయిండు. అప్పటి నుంచి మన దగ్గర రెండు మాటలు నడుస్తున్నయి. కొందరు “ఇది పాతదైపోయింది, కూలగొట్టి కొత్తది కట్టాలె” అంటున్నరు. కొందరు “వద్దు, రిపేరు చేస్తే చాలు” అంటున్నరు. రెండు మాటలూ విన్నంక నాకు ఏది సరి అన్నది తోచలేదు. అందుకని సార్లను అడిగి, లైబ్రరీలో పాత పేపర్లు చూసి ఈ వ్యాసం రాస్తున్న.

మొదలు మన ఓరుగల్లు సంగతులే చూద్దాం.

ఎంజీఎం ఆసుపత్రికి దగ్గర్లో సెంట్రల్ జైలు ఉండేది. నిజాం కాలంలో, 1886లో కట్టింది. ఖైదీలు అందులో జంపఖానాలు నేసేవారు. 2021లో ప్రభుత్వం ఖైదీలను వేరే జైళ్ళకు పంపి దాన్ని కూలగొట్టింది. ఆ జాగలో 24 అంతస్తుల పెద్దాసుపత్రికి అదే ఏడాది జూన్ 21న శంకుస్థాపన చేసిన్రు. కూలగొట్టుడు కొన్ని రోజుల్లనే అయింది. కట్టుడు మాత్రం అట్ల కాలేదు. 2024 జూన్ లో ముఖ్యమంత్రి చూడడానికి వచ్చేనాటికి గూడ పని పూర్తి కాలేదు. ఆసుపత్రి అవసరమే, కాదని ఎవరంటరు? మా ఊరోళ్ళకు పెద్ద జబ్బు చేస్తే ఎంజీఎంకే కదా వస్తరు. కానీ కూలగొట్టుడు ఎంత తొందరగ అయితదో, కట్టుడు అంత తొందరగ కాదని దీంతోటి తెలుస్తది.

రెండోది హనుమకొండ వేయిస్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో కట్టించిండు. గుడి ఎదురుంగ ఉన్న కల్యాణ మండపం పునాది కుంగి, స్తంభాలు ఒరిగినయి. కాకతీయులు పునాది గుంతల్ల ఇసుక నింపి దాని మీద రాళ్ళు పేర్చేవారు. ఆ ఇసుక కదిలితే పైన రాయి గూడ కదులుతది. పురావస్తు శాఖ వాళ్ళు దాన్ని కూలగొట్టలేదు, విప్పిన్రు. 2005-06లో రాళ్ళకు నంబర్లు వేసి తీసి పక్కన పెట్టిన్రు. పునాది మళ్ళ వేసి ఏ రాయిని ఆ రాయి జాగలోనే నిలబెట్టిన్రు. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, మండపం మళ్ళ తెరిచిన్రు. అంటే ఇంచుమించు 18 ఏండ్లు పట్టింది. బాగుచేసుడు తేలికని గూడ అనుకోవద్దు.

మూడోది హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన పెద్ద భవనం. 2015లో దాన్ని కూల్చుతమని ప్రభుత్వం అన్నది. ఇది చరిత్ర ఉన్న కట్టడం, కూల్చొద్దని చాలామంది అడ్డం పడ్డరు. కొట్లాట కోర్టు దాకా పోయింది. ఈ లోపల 2020 జూలై వానకు వార్డుల్లకు నీళ్ళొచ్చినయి. రోగులను అందులోంచి ఖాళీ చేయించిన్రు. చివరికి 2025 జనవరి 31న గోషామహల్ లో, వేరే జాగలో, కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కూల్చాల్నా వద్దా అని తేల్చకపోతే నష్టం ఎవరికి? మంచం మీది రోగికే.

ఇప్పుడు మన బిల్డింగుకు వద్దాం. పాతది అంటే చెడ్డది అని కాదు. ఏ రోగమో తెల్వకుండ మందు వేయరు కదా, అట్లనే ముందు రోగం ఏందో చూడాలె. ఇంజనీరు సారు చెప్పిన నాలుగు గుర్తులు రాస్తున్న.

1. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నయి? స్లాబు మీద నీళ్ళు నిలిస్తే ఎంత మంచి కప్పయినా ఉరుస్తది. మన స్లాబు మీద నీళ్ళు పోయే గొట్టంలో వేపాకులు, ఒక పాత చెప్పు ఇరికి ఉండె. వాచ్ మన్ తాత తీసేసినంక ఒకటి, రెండు రూములల్ల ఉరుసుడు బంద్ అయింది. మూడో రూముల కాలేదు.

2. ఇనుప సలాకలు కనబడుతున్నయా? స్లాబు లోపల సలాకకు తడి తగిలితే తుప్పు పడ్తది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ఎక్కువ జాగ తీసుకుంటది. అప్పుడు కింది సిమెంటును తోసేస్తది. అదే పెచ్చు ఊడుడు. అట్లాంటి చోట పైపైన ప్లాస్టరు పూసి సున్నం వేస్తే లాభం లేదు, లోపల తుప్పు పెరుగుతనే ఉంటది.

3. పగులు ఎట్లుంది? వెంట్రుక లెక్క సన్నగ, ప్లాస్టరు మీదనే ఉంటే అంత భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగ, గోడ అటు ఇటు కనబడేటట్టు ఉంటే పునాది కుంగుతున్నదేమో చూడాలె.

4. పగులు పెరుగుతున్నదా? పగులు మీద సన్నటి గాజు ముక్క అతికించి తారీఖు రాస్తరట. పగులు పెరిగితే గాజు పగుల్తది. మేము గాజు లేక, పగులు చివర పెన్సిలు గీత గీసి తారీఖు వేసినం. రెండు నెలలకు అన్నం తినే హాలులో గీత దాటలేదు. బాత్రూముల దిక్కు నాలుగు వేళ్ళ మందం దాటింది.

దీన్ని బట్టి నాకు తెలిసింది ఏందంటే, బిల్డింగు మొత్తం ఒక్క తీరుగ లేదు. మూడో రూము, బాత్రూముల దిక్కు పాడైంది. మిగతాది గట్టిగనే ఉన్నది. ఇది పిల్లల చూపు. గట్టిగ చెప్పాల్సింది ఇంజనీరు సారే.

ఇంకొక్క మాట చెప్పాలె. ఇది రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన. నేను నాలుగో తరగతిలో ఉండంగ మా ఊరి బడి పాతదైందని కూలగొట్టిన్రు. కొత్తది పిల్లర్ల దాకా లేచి ఆగిపోయింది. మూడు కిలోమీటర్ల అవతలి ఊరి బడికి పొమ్మన్నరు. మధ్యల వాగు. నాతోటి లెక్కల్ల నాకన్న హుషారుగ ఉండే దోస్తు ఉండె. వాగు నిండిన రోజుల్లో పోలేక, తర్వాత పోబుద్ధి కాక, ఇంట్ల ఉండిపోయింది. ఇప్పుడు మిరపకాయలు ఏరడానికి కూలికి పోతున్నది. కొత్త బడి తర్వాత అయింది. అది మాత్రం మళ్ళ బడికి రాలేదు. నన్ను మా మామ హాస్టల్ లో వేసిండు కాబట్టి నేను ఈ వ్యాసం రాస్తున్న. మా ఇంట్ల సంతకం పెట్టే మొదటి మనిషిని నేనే.

“కట్టేదాక పిల్లల్ని ఇంటికి పంపుదాం” అని ఎవరన్న అంటే నాకు అదే యాదికొస్తది. ఏడాది ఇంటి దగ్గరుంటే మనలో ఎంతమందిమి తిరిగి వస్తం? పెండ్లి మాట వస్తది, పత్తి పని వస్తది. అట్లని ఉరిసే స్లాబు కింద పండుకోమని గూడ నేను అనను. ప్రాణం పోతే చదువు ఎక్కడిది?

మా కోయ ఇండ్లకు నడుమ నిట్టాడు ఉంటది. దానికి చెదలు పడితే మా నాయన ఇల్లు కూలగొట్టడు. మొదలు పక్కన కొత్త గుంజ పాతి దూలానికి ఊతం ఇస్తడు. ఆ తర్వాతనే పాత నిట్టాడు తీస్తడు. అవ్వ ఆ రోజు గూడ అదే ఇంట్ల వంట చేస్తది. జపాన్ లో ఇసే అనే చోట ఒక గుడి ఉన్నదట. 20 ఏండ్లకొకసారి పక్క జాగలో కొత్తది కట్టి, పూర్తయినంకనే పాతది విప్పుతరని సోషల్ సారు చెప్పిండు. పోయినసారి 2013లో కట్టిన్రట. మా నాయన ఆ దేశం పేరు గూడ వినలేదు, పద్ధతి మాత్రం ఒక్కటే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మూడో రూముకు ఇప్పుడే తాళం వేయాలె, ఆ పిల్లలం మిగతా రూములల్ల జర సర్దుకుందాం. ఆట స్థలం పక్క ఖాళీ జాగలో ముందుగ కొత్త రూములు, బాత్రూములు కట్టాలె. అవి పూర్తయినంకనే పాడైన దిక్కు కూలగొట్టాలె. గట్టిగున్న హాలును రిపేరు చేయాలె. ఒక్క పిల్లను గూడ ఒక్క రోజు గూడ ఇంటికి పంపొద్దు.

వార్డెన్ మేడంకు మనవి: వచ్చే మీటింగుల పెద్ద సార్లతోటి మాట్లాడేటప్పుడు మేము పెన్సిలుతో గీసిన గీతలు గూడ చూపించండి. నేను తప్పు రాసి ఉంటే క్షమించి, సరిదిద్ది కింద రాయండి. చెల్లెండ్లూ, ఆ గీతలు మాత్రం తుడపకండి.

— 9వ తరగతి విద్యార్థిని