ములాసేన్ శిఖరమూ, దాని కాలువలూ

స్పెయిన్ దేశమంటే మన సభ్యులలో చాలామందికి వేసవి సెలవులూ, సముద్రపు ఒడ్డూ, ఎండా. మలగా విమానాశ్రయంలో దిగడం, తీరం వెంబడి ఏదో ఒక హోటలు చేరడం, వారం తిరిగేసరికి నల్లబడి ఇంటికి రావడం - ఇదీ వరస. కాని అదే ఆందలూసియా ప్రాంతంలో, గ్రనాడా జిల్లా సముద్రతీరం నుండి తిన్నగా కొలిస్తే సుమారు 35 కిలోమీటర్ల దూరంలోనే, ఏడాదిలో ఆరేడు నెలలు మంచు కప్పుకొని ఉండే కొండలున్నాయి. వాటి పేరు సియెర్రా నెవాడా. ‘మంచు పట్టిన కొండల వరస’ అని అర్థం. కాలిఫోర్నియాలో ఇదే పేరుగల పర్వతాలు వేరు. వాటికి ఈ పేరు పెట్టినవారూ స్పెయిన్‌వారే.

నిరుడు సెప్టెంబరులో మన సంఘానికి చెందిన మేము తొమ్మిదిమందిమి ఈ కొండలకు వెళ్ళివచ్చాము. మాలో పాతికేళ్ళవారూ ఉన్నారు, డెబ్బయి దాటినవారూ ఉన్నారు. వెళ్ళదలచినవారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఈ వరసలో మూడు వేల మీటర్లు మించిన శిఖరాలు ఇరవైకి పైగా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ములాసేన్, 3,479 మీటర్లు. పాత పటాలలో 3,482 అని కనబడుతుంది. దాని తరువాతివి వెలేటా (3,396 మీటర్లు), అల్కసాబా (3,371 మీటర్లు). స్పెయిన్ ఏలుబడిలో ఉన్న నేల మొత్తం మీద ఎత్తయినది కనరీ దీవులలోని తెయిదే అగ్నిపర్వతం. అసలు ద్వీపకల్పం వరకు చూస్తే ములాసేన్‌దే పెద్దరికం. మనం ఇక్కడ గొప్పగా చెప్పుకొనే బెన్ నెవిస్ 1,345 మీటర్లే. ములాసేన్ దానికి రెండున్నర రెట్లకు మించి ఉంటుంది.

ములాసేన్ అన్నది ఒక ముస్లిం రాజు పేరు. గ్రనాడాను ఏలిన అబుల్ హసన్ అలీని స్పానిష్‌వారు ‘ములే హసేన్’ అన్నారు. 1492 జనవరి 2న గ్రనాడాను కత్తోలిక్ రాజదంపతులకు అప్పగించిన బోఅబ్దిల్‌కు ఈయన తండ్రి. ఈయనను ఆయన కోరిక ప్రకారం మనిషి అడుగు పడని ఈ శిఖరం మీదే సమాధి చేశారని ఒక కథ ఉంది. సమాధి ఎవరికీ కనబడలేదు గాని పేరు మాత్రం నిలిచిపోయింది. ఇప్పుడదే శిఖరం మీద ‘మంచు మాత’ అని పిలుచుకునే మేరీ మాతకు చిన్న గూడు ఉంది. ఏటా ఆగస్టు 5న త్రెవేలెస్ గ్రామస్థులు గుర్రాల మీదా, కాలినడకనా కొండెక్కి అక్కడ ప్రార్థన జరుపుతారు. ముస్లిం రాజు పేరుగల కొండ మీద క్రైస్తవ మాతకు తిరునాళ్ళ! కొండకు ఏ అభ్యంతరమూ ఉన్నట్లు లేదు.

శిఖరం మీద కూలిన రాతి గోడలు కొన్ని కనబడతాయి. అవి 1879 నాటివి. ఆ ఏడాది స్పెయిన్, ఫ్రాన్సు సర్వే అధికారులు కలిసి యూరపు ఖండాన్నీ ఆఫ్రికా ఖండాన్నీ కొలతలతో జోడించారు. స్పెయిన్ వైపు ములాసేన్, తెతికా. అల్జీరియా వైపు మరి రెండు కొండలు. ఆవిరియంత్రాన్ని ఇంత ఎత్తుకు మోయించి, దానితో విద్యుద్దీపం వెలిగించి, సముద్రం మీదుగా దాదాపు 270 కిలోమీటర్ల అవతలివారికి ఆ వెలుతురు కనబడేటట్లు చేశారు. ఆ పనికి స్పెయిన్ తరఫున నాయకుడు కార్లోస్ ఇబాన్యెస్. మన దేశంలో 1802లో మదరాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణ సర్వే పద్ధతి కూడా ఇదే. గాలి తేటగా ఉన్న రోజున ఈ శిఖరం నుండి మొరాకో కొండలు కంటికి ఆనుతాయి.

ఇక దారి సంగతి. దక్షిణపు వాలులో అల్పుహార్రా అనే సీమ ఉంది. అక్కడి కపిలేయిరా ఊరు 1,436 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో జాతీయ వనం వారి చిన్న బస్సు అక్కడి నుండి సుమారు 2,700 మీటర్ల ఎత్తు వరకు తీసుకుపోతుంది. ఆ దారి పైభాగంలో సొంత కార్లకు అనుమతి లేదు. బస్సు దిగినచోటి నుండి శిఖరానికి ఎక్కవలసినది ఎనిమిది వందల మీటర్ల లోపే. అలిపిరి నుండి తిరుమలకు ఎక్కే ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అయితే ఇక్కడ మెట్లు లేవు, నీడ లేదు, దారిలో మజ్జిగ అమ్మేవారు లేరు. గాలి పలచన కాబట్టి పది అడుగులకొకసారి నిలబడవలసి వస్తుంది. రానూ పోనూ అయిదారు గంటలు పట్టింది.

కాళ్ళలో సత్తువ ఉన్నవారు త్రెవేలెస్ ఊరి నుండే బయలుదేరి, ‘ఏడు మడుగులు’ అనే చోటి మీదుగా ఎక్కుతారు. అది రెండు వేల మీటర్ల ఎక్కుడు. ఒక్క రోజులో చేయడం గట్టివారికే చెల్లు. రెండు రోజులు పెట్టుకునేవారు కపిలేయిరా వైపు నుండి వెళ్ళి, 2,500 మీటర్ల ఎత్తున ఉన్న పోకేయిరా బసలో రాత్రి పడుకోవచ్చు. ముందుగా చోటు చెప్పి ఉంచుకోవాలి. వెలేటాకు గ్రనాడా వైపు నుండి తారురోడ్డే దాదాపు కొన వరకు పోతుంది గనుక అది తేలిక. ఆ దారి పక్కన 2,850 మీటర్ల ఎత్తున 30 మీటర్ల వ్యాసంగల రేడియో దూరదర్శిని కూడా ఉంది.

మా తొమ్మిదిమందిలో అయిదుగురు ములాసేన్ ఎక్కారు. మోకాళ్ళు సహకరించని నలుగురు కపిలేయిరా దగ్గర కాలువగట్ల వెంట నడిచారు. రాత్రి భోజనాల దగ్గర వాదన వచ్చింది. “అంత దూరం వచ్చి శిఖరం ఎక్కకపోతే కొండను చూసినట్లేనా?” అని కుర్రవాళ్ళు. “మీరు రాళ్ళు చూశారు, మేము కొండ బతుకు చూశాము” అని పెద్దవాళ్ళు. వాదన తెగలేదు గాని, మర్నాడు అయిదుగురూ కాలువలు చూడటానికి బయలుదేరారు. ఆ కాలువల మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

అరబ్బులు ఈ సీమను ఏలిన కాలంలో, అంటే వెయ్యేళ్ళ కిందట, కొండ పైభాగాన మట్టి కాలువలు తవ్వారు. వీటిని ‘అసేకియా’ అంటారు; అదీ అరబ్బీ మాటే. వసంతంలో మంచు కరిగిన నీరు ఒక్కసారిగా వాగులలో పడి సముద్రానికి పోకుండా ఈ కాలువలు పట్టుకుంటాయి. పట్టుకున్న నీటిని నేరుగా చేలకు పోనివ్వరు. కొండమీదనే నేల బాగా పీల్చుకునే చోట్ల వదిలేస్తారు. అది రాళ్ళ సందుల్లో మెల్లగా దిగి, వారాలకో నెలలకో, చినుకు పడని ఎండాకాలంలో, కింది ఊళ్ళ ఊటలలో పైకి వస్తుంది. అక్కడివారు దీనిని ‘నీళ్ళు విత్తడం’ అంటారు. చెరువు తవ్వకుండా కొండనే చెరువు చేసుకున్నారన్నమాట.

ఎవరి చేనికి ఎన్ని గంటలు నీరు అన్నది వంతు ప్రకారం. దానిని నడపడానికి ఊరుమ్మడిన ఒక మనిషి ఉంటాడు. రాయలసీమలో మన నీరుగంటి చేసిన పనే. ఇళ్ళు చూసినప్పుడు కూడా మాలో అనంతపురం వైపువారికి సొంత ఊరు తగిలినట్లయింది: దూలాల మీద రాతి పలకలు, వాటి మీద నీరు దిగని బూడిదరంగు మట్టి పరచిన చదునైన మిద్దెలు. మన చవుడు మట్టి మిద్దెలకు ఇవి దాయాదులు.

ఈ ఏర్పాటు ఇప్పుడు చిక్కులో ఉంది. గత శతాబ్ది రెండవ సగంలో పల్లెల నుండి జనం పట్నాలకూ, పరదేశాలకూ వలసపోయారు. ఏటా కాలువలో పూడిక తీసేవారు లేక చాలా కాలువలు కూడుకుపోయాయి. వెలేటా ఉత్తరపు పక్కన యూరపులో అన్నిటికన్నా దక్షిణాన ఉన్న హిమానీనదం ఉండేది. అది ఇరవయ్యో శతాబ్దంలో కరిగిపోయింది, రాళ్ళ కింద కొద్దిపాటి గడ్డ మాత్రం మిగిలింది. 2022, 2023 సంవత్సరాలలో ఆ ప్రాంతమంతా తీవ్రమైన అనావృష్టి పాలయింది. మంచు తగ్గే కొద్దీ పడినదాన్ని పట్టి ఉంచే కాలువ విలువ పెరుగుతుంది. ఈ సంగతి గుర్తించి గ్రనాడా విశ్వవిద్యాలయం వారు 2014లో కాన్యార్ గ్రామం దగ్గర మొదలుపెట్టి, గ్రామస్థులతోనూ స్వచ్ఛంద సేవకులతోనూ కలిసి, పారలు పట్టి పాత కాలువలను బాగుచేస్తూ వస్తున్నారు. ఊరు వదిలివచ్చిన మనబోటివారికి ఇందులో ఆలోచించవలసినది ఉంది. వలసపోయినవారు వదిలేసినది ఇల్లూ పొలమే కాదు, ఏటా వంతు ప్రకారం పార పట్టవలసిన పని కూడా. మన ఊళ్ళ చెరువులలో పూడిక ఎవరు తీస్తున్నారో మనలో ఎందరికి తెలుసు?

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. జూలై నుండి సెప్టెంబరు వరకు మంచి కాలం. నవంబరు నుండి మే వరకు శిఖరం జోలికి పోవద్దు. గడ్డకట్టిన వాలు అద్దంలా జారుతుంది, మంచు గొడ్డలీ, బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలూ వాడటం నేర్చినవారికే అది తగును. వేసవిలోనైనా తెల్లవారుతూనే బయలుదేరి, మధ్యాహ్నం మబ్బులు కమ్మకముందే దిగిరావాలి. మనిషికి రెండు మూడు లీటర్ల నీరు, టోపీ, ఒక ఉన్ని కోటు తప్పనిసరి. తల తిరిగినా, వాంతి వచ్చినట్లున్నా ఇంకాస్తే కదా అనుకోకుండా కిందికి దిగాలి. ఆపద వస్తే టెలిఫోను నంబరు 112. శాకాహారులు పులిహోర కట్టుకుపోతే మేలు; త్రెవేలెస్ పేరుపడ్డదే ఎండబెట్టిన పందిమాంసానికి.

ఇది 1999 నుండి జాతీయ వనం. లోకంలో మరెక్కడా పెరగని మొక్కలు ఎనభై వరకు ఇక్కడ ఉన్నాయి. వాటిలో ఒక రకం చేమంతిని కషాయానికని కోసి కోసి జనం దాదాపు అంతరింపజేశారు. కనుక పువ్వు కోయవద్దు. కాలువగట్టు మీద నడిచేటప్పుడు గట్టు విరగకుండా నడవండి. ఆ నీటి కోసం కింద ఎవరో తమ వంతుకు ఎదురుచూస్తూ ఉంటారు.