బొగ్గు కరెంటు ఎలా అవుతుంది? - పాల్వంచ విద్యుత్ కేంద్రం కథ

స్విచ్చి వేస్తే దీపం వెలుగుతుంది. మోటారు ఆన్ చేస్తే బోరులోంచి నీళ్లు వస్తాయి. నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది. ఇన్ని యూనిట్లు వాడారు అని అందులో రాసి ఉంటుంది. ఆ యూనిట్ ఎక్కడ పుట్టింది? ఏది కాలితే పుట్టింది?

కరెంటును పారే నీటితో తీస్తారు. గాలితో తీస్తారు. ఎండతో కూడా తీస్తారు. అయినా మన దేశంలో ఎక్కువ కరెంటు ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. బొగ్గును మండించి కరెంటు తీసే చోటును థర్మల్ విద్యుత్ కేంద్రం అంటారు. థర్మల్ అంటే వేడికి సంబంధించినది అని అర్థం.

తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఉంది. ఆ జిల్లాలో పాల్వంచ అనే ఊరు ఉంది. అక్కడ ఉన్నదే కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం. జనం దాన్ని కె.టి.పి.ఎస్. అంటారు. ఆ కేంద్రం కథ తెలుసుకుంటే బొగ్గు కరెంటు సంగతి తెలిసిపోతుంది.

పాల్వంచలోనే ఎందుకు కట్టారు?

థర్మల్ కేంద్రానికి రెండు ముఖ్యంగా కావాలి. ఒకటి బొగ్గు. రెండోది నీరు. రెండూ దగ్గరలో ఉంటే ఖర్చు తగ్గుతుంది.

గోదావరి లోయలో భూమి కింద బొగ్గు ఉంది. కోట్ల ఏళ్ల కిందట అక్కడ పెద్ద అడవులు ఉండేవి. చెట్లు కూలి బురదలో కూరుకుపోయాయి. వాటి మీద మట్టి, ఇసుక పొరలు పొరలుగా పడ్డాయి. ఆ బరువుకు, వేడికి చెట్లు నల్లటి బొగ్గుగా మారాయి. 1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును కనిపెట్టాడు. తర్వాత గనులు తవ్వారు. అవే సింగరేణి గనులు. కొత్తగూడెం, మణుగూరు ప్రాంతాల గనులు పాల్వంచకు దగ్గర.

ఇక నీరు. పాల్వంచ దగ్గర కిన్నెరసాని నది పారుతుంది. అది పోయి గోదావరిలో కలుస్తుంది. ఆ నది మీద ఆనకట్ట కట్టారు. ఆ జలాశయం నీరే కేంద్రానికి వస్తుంది.

మొదటి యంత్రం 1966లో నడిచింది. అప్పుడు పాల్వంచ ఖమ్మం జిల్లాలో ఉండేది. 1967 నాటికి నాలుగు యంత్రాలు తయారయ్యాయి. ఒక్కొక్కటి 60 మెగావాట్లు. ఇది 'ఎ' స్టేషన్. 1974 నుంచి 1978 వరకు మరో నాలుగు యంత్రాలు వచ్చాయి. ఒక్కొక్కటి 120 మెగావాట్లు. ఇవి 'బి', 'సి' స్టేషన్లు. అన్నీ కలిపి 720 మెగావాట్లు.

మెగావాటు అంటే ఎంత? ఒక మెగావాటు యంత్రం ఒక గంట పూర్తిగా నడిస్తే 1000 యూనిట్ల కరెంటు వస్తుంది. 60 మెగావాట్ల యంత్రం గంటలో 60 వేల యూనిట్లు ఇస్తుంది.

బొగ్గు పిండి అవుతుంది

గని నుంచి బొగ్గు రైలు వ్యాగన్లలో వస్తుంది. అక్కడి నుంచి పొడవాటి బెల్టుల మీద లోపలికి పోతుంది. ముందు బొగ్గును ముక్కలు చేస్తారు. తర్వాత పెద్ద మిల్లుల్లో వేసి మెత్తటి పిండిగా ఆడిస్తారు. ఎందుకు? మొద్దు కర్ర మెల్లగా కాలుతుంది. అదే పొట్టు అయితే గుప్పుమని అంటుకుంటుంది. బొగ్గు పిండి కూడా అంతే. వేడి గాలితో కలిపి దాన్ని పొయ్యిలోకి ఊదుతారు. అది గాలిలో ఉండగానే భగ్గున మండుతుంది.

ఈ పొయ్యిని బాయిలరు అంటారు. పెద్ద యంత్రాల బాయిలరు ఇరవై అంతస్తుల మేడంత ఎత్తు ఉంటుంది. దాని గోడల నిండా ఇనుప గొట్టాలే. గొట్టాల్లో నీరు పారుతుంది. మంట వేడికి ఆ నీరు ఆవిరి అవుతుంది.

ఆవిరి చక్రం తిప్పుతుంది

అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతుంది. దాన్ని లేపేది ఆవిరే. చిన్న గిన్నెలో ఆవిరికే అంత బలం ఉంది. బాయిలరులో ఆవిరిని ఇంకా వేడి చేస్తారు. వేడి 540 డిగ్రీల దాకా పోతుంది. నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర అని గుర్తుంచుకోండి.

ఈ ఆవిరి గొట్టాల్లోంచి దూసుకువచ్చి ఒక పెద్ద చక్రం రెక్కలను తాకుతుంది. ఆ చక్రం పేరు టర్బైను. అది నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క సెకనులో 50 చుట్లు.

టర్బైను ఇరుసుకే జనరేటరు తగిలించి ఉంటుంది. సైకిల్ డైనమో చూసినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. చక్రం తిరిగితే డైనమో తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. డైనమోలో ఒక అయస్కాంతం, ఒక రాగి తీగ చుట్ట ఉంటాయి. తీగ చుట్ట దగ్గర అయస్కాంతం తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది. ఈ సంగతి 1831లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. జనరేటరు అంటే పెద్ద డైనమో. అంతే.

అక్కడ పుట్టిన కరెంటు వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్లతో పెంచుతారు. 2 లక్షల 20 వేల వోల్టులు, 4 లక్షల వోల్టులు చేసి పెద్ద టవర్ల మీద పంపుతారు. ఇలా పంపితే దారిలో తీగలు వేడెక్కి కరెంటు వృథా కావడం తగ్గుతుంది. ఊరికి వచ్చేసరికి మళ్లీ తగ్గిస్తారు. ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులే.

ఆ తెల్లటి పొగ పొగ కాదు

చక్రం తిప్పిన ఆవిరిని వదిలేయరు. చల్లటి నీటి గొట్టాల మీదుగా పోనిస్తారు. ఆవిరి మళ్లీ నీరు అవుతుంది. ఆ నీరు మళ్లీ బాయిలరుకు పోతుంది. కానీ ఆవిరిని చల్లార్చిన నీరు వేడెక్కుతుంది కదా! దాన్ని చల్లార్చడానికే పెద్ద పెద్ద కూలింగ్ టవర్లు కడతారు. అవి నడుము దగ్గర సన్నగా, లోపల డొల్లగా ఉంటాయి. వేడి నీరు లోపల వానలా చినుకులుగా పడుతుంది. కింది నుంచి గాలి పైకి పోతుంది. నీరు చల్లబడుతుంది. కొంత నీరు ఆవిరై పైనుంచి పోతుంది. దూరం నుంచి చూసినవాళ్లు దాన్ని పొగ అనుకుంటారు. అది పొగ కాదు, నీటి ఆవిరి. అసలు పొగ పోయేది సన్నగా పొడవుగా ఉండే పొగగొట్టం నుంచి.

అలా పోయిన నీటికి బదులు కొత్త నీరు కావాలి. ఇలాంటి టవర్లు ఉన్న పాత కేంద్రాలు యూనిట్‌కు మూడున్నర లీటర్లకు మించి నీరు వాడరాదని 2015లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. కాబట్టి కరెంటు వాడితే నీరూ వాడినట్టే.

కాలినదంతా కరెంటు కాదు

ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు కాలుతుంది. అయితే బొగ్గులోని వేడి అంతా కరెంటు కాదు. మూడు కిలోలు కాలిస్తే ఒక కిలో వేడి కరెంటు అవుతుంది. మిగతా రెండు కిలోల వేడి చాలావరకు కూలింగ్ టవరు దారిన, పొగగొట్టం దారిన పోతుంది. యంత్రం పాతదైతే ఇంకా ఎక్కువ వృథా.

మన దేశపు బొగ్గులో మట్టి ఎక్కువ. వంద కిలోలు కాలిస్తే 30 నుంచి 45 కిలోల దాకా బూడిద మిగులుతుంది. బరువైనది బాయిలరు అడుగున పడుతుంది. మెత్తటి బూడిద పొగతో పాటు లేస్తుంది. దాన్ని ఎలా పడతారు? దువ్వెనతో తల దువ్వి చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే అవి వచ్చి అంటుకుంటాయి. అదే పద్ధతి. కరెంటు ఎక్కించిన రేకుల మధ్య నుంచి పొగను పంపుతారు. బూడిద రేకులకు అంటుకుంటుంది. రేకులను దులిపి బూడిద తీస్తారు.

ఈ యంత్రం సరిగా పనిచేయకపోతే బూడిద ఊళ్ల మీద, పైర్ల మీద పడుతుంది. ఊపిరితిత్తులకు చేటు. బూడిదను చెరువుల్లాంటి గుంటల్లో నింపుతారు. అవి ఎండితే గాలికి లేస్తుంది. తెగితే పొలాల్లోకి పోతుంది. అందుకే బూడిదతో ఇటుకలు, సిమెంటు చేయాలని 1999లో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. పడేస్తే చెత్త, వాడితే సరుకు.

కంటికి కనబడనిది ఇంకొకటి ఉంది. బొగ్గు కాలితే కార్బన్ డయాక్సైడ్ అనే వాయువు వస్తుంది. యూనిట్‌కు ఇది సుమారు ఒక కిలో. బొగ్గు 650 గ్రాములైతే వాయువు కిలో ఎలా? బొగ్గులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. అందుకే బరువు పెరుగుతుంది. ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుంది.

నిలవ చేయలేని పంట

వడ్లు పండితే గాదెలో పోసుకోవచ్చు. ఈ కరెంటును అలా పోసుకోవడం కుదరదు. బ్యాటరీల్లో దాచేది కొంచెమే. ఎంత వాడుతున్నారో అంతే ఆ క్షణాన తయారు కావాలి. వాడకం ఎక్కువై తయారీ తక్కువైతే చక్రాల వేగం తగ్గుతుంది. అప్పుడు కొన్ని ఊళ్లకు కోత పెట్టక తప్పదు. లేకపోతే అన్నీ ఆగిపోతాయి. 2012 జులై 30న, 31న ఉత్తరాదిలో ఇలాగే తీగల వ్యవస్థ కుప్పకూలింది. రెండో రోజు సుమారు 60 కోట్ల జనం ఉండే ప్రాంతాలు చీకటయ్యాయి.

బాయిలరును బల్బులా ఆర్పి వెలిగించడం కూడా కుదరదు. చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. అందుకే రాత్రీ పగలూ షిఫ్టుల్లో కార్మికులు పని చేస్తారు. వేడి, మోత, దుమ్ము మధ్య వాళ్లు కాపలా ఉంటేనే ఊళ్లో దీపం వెలుగుతుంది.

పాతవి పోయాయి, కొత్తవి వచ్చాయి

పాల్వంచలో 1997, 1998ల్లో రెండు 250 మెగావాట్ల యంత్రాలు వచ్చాయి. 2011లో 500 మెగావాట్లది, 2018లో 800 మెగావాట్లది వచ్చాయి. ఇవన్నీ కలిపి 1800 మెగావాట్లు.

ఎ, బి, సి స్టేషన్లకు వయసైపోయింది. అదే కరెంటుకు అవి ఎక్కువ బొగ్గు తినేవి. 2020 నాటికి వాటిని మూసేశారు. వాటి కూలింగ్ టవర్లు ఎనిమిది. ఒక్కొక్కటి సుమారు వంద మీటర్ల ఎత్తు. యాభై ఏళ్లకు పైగా ఆ ఊరికి అవే గుర్తు. 2024 ఆగస్టు 5న మందుగుండు పెట్టి ఎనిమిదింటినీ నేలమట్టం చేశారు.

ఇంట్లో లెక్క

1800 మెగావాట్లూ ఒక రోజంతా నడిస్తే 4 కోట్ల 32 లక్షల యూనిట్లు వస్తాయి. దానికి సుమారు 28 వేల టన్నుల బొగ్గు కావాలి. ఒక గూడ్సు రైలులో 4 వేల టన్నుల దాకా పడుతుంది. అంటే రోజుకు ఏడు రైళ్లు!

ఇప్పుడు ఇంటి లెక్క. పాత 60 వాట్ల బల్బు 17 గంటలు వెలిగితే ఒక యూనిట్ అవుతుంది. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు అదే యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. 5 హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే సుమారు 4 యూనిట్లు. అంటే రెండున్నర కిలోలకు పైగా బొగ్గు. ఫుట్‌వాల్వు పాడైనా, పైపు కారినా, మడి నిండాక మోటారు ఆగకపోయినా ఆ బొగ్గు ఊరికే కాలినట్టే. రైతుకు కరెంటు ఉచితం కావచ్చు. బొగ్గు ఉచితం కాదు. కిన్నెరసాని నీరు ఉచితం కాదు. బూడిద పడే ఊరికి అది అసలే ఉచితం కాదు.

కరెంటు లేకుండా బతకమని ఎవరూ చెప్పరు. కరెంటు వల్లే పిల్లలు రాత్రి చదువుతున్నారు. పంట ఎండకుండా నీళ్లు అందుతున్నాయి. అవసరానికి వాడుకోవాలి. అవసరం తీరాక స్విచ్చి తీసేయాలి. ఇంట్లో ఒక యూనిట్ మిగిలితే అక్కడ 650 గ్రాముల బొగ్గు మిగులుతుంది.

మాట్లాడుకోండి

1. మీ ఇంటి బిల్లులో పోయిన నెల ఎన్ని యూనిట్లు ఉన్నాయి? వాటికి ఎంత బొగ్గు కాలి ఉంటుంది?
2. మీ ఊళ్లో పగలు కూడా వెలిగే వీధి దీపాలు ఉన్నాయా? వాటిని ఎవరు ఆర్పాలి?
3. మీ దగ్గర బూడిద ఇటుకలతో కట్టిన ఇల్లు ఉందా? ఆ ఇటుక మట్టి ఇటుక కంటే ఎలా ఉంది?