వారంలో తగ్గించే ట్యూబు

మొటిమలకు రాసుకునే మందుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి, రాసిన నాలుగో రోజుకల్లా మొహాన్ని తేటపరిచేది. రెండోది, రాసిన నాలుగో రోజుకి మొహం మండించి పొట్టు లేపేది. మొటిమల్ని నిజంగా తగ్గించే మందులు ఎక్కువగా ఈ రెండో జాతిలోనే ఉండటం మనకొచ్చిన చిక్కు. మందు పనిచేస్తుందో లేదో మొదటి వారంలోనే తేల్చేయడం మన అలవాటు కదా. ఆ పరీక్షలో తప్పుడు మందు ఫస్టుక్లాసులో పాసవుతుంది. సరైన మందు తప్పుతుంది.

ఇది దేశమంతటా ఉన్న కథే. కానీ కృష్ణా డెల్టా చివరికి వచ్చేసరికి దానికి బలం ఎక్కువ. కోడూరు నుంచో నాగాయలంక నుంచో స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే బందరుకో బెజవాడకో బస్సెక్కాలి. ఆ రోజు పని పోతుంది, ఆపైన ఫీజు. ఊళ్లో మెడికల్ షాపుకెళ్లి "ఏమండీ, మొహానికి మంచి ట్యూబేదైనా ఉంటే ఇవ్వండి" అంటే పని అయిపోతుంది. ఒక్కోసారి ఆ మాత్రం నడక కూడా అక్కర్లేదు, ట్యూబు ఇంట్లోనే ఉంటుంది. వరిచేలల్లో, చెరువుగట్ల మీద తడిబట్టలతో పనిచేసేవాళ్లకి గజ్జల్లో తామర పట్టడం మామూలు. దానికని నాన్న తెచ్చుకున్న క్రీములో ఫంగస్ మందుతోపాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఉంటుంది. రెండు రోజుల్లో దురద ఆగుతుంది కాబట్టి ఆ ట్యూబుకి ఇంట్లో మంచి పేరొస్తుంది. నెల తిరక్కుండా అది అమ్మాయి మొహం మీదికి చేరుతుంది.

బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్. ట్యూబు మీద సన్న అక్షరాల్లో వెతకాల్సిన పేర్లివి. మూడూ స్టెరాయిడ్లే. ఎగ్జిమాకో సోరియాసిస్‌కో డాక్టరు రాస్తే మంచి మందులే. "తెల్లబడే క్రీము"గా అమ్ముడయ్యే వాటిల్లో ఇంకో మిశ్రమం కనబడుతుంది: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటికి తోడు ఒక స్టెరాయిడ్. ఈ కూర్పుకి మూలం 1975లో అమెరికాలో క్లిగ్మన్, విల్లిస్ అనే ఇద్దరు ప్రచురించిన సూత్రం. మంగు లాంటి మచ్చలకి, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా, కొన్ని వారాలు మాత్రమే వాడదగ్గది. మన దగ్గర అది పెళ్లిచూపుల ముందు రాసుకునే క్రీమైంది.

స్టెరాయిడ్ మొటిమని మాన్పదు. చర్మంలోని సన్న రక్తనాళాలు బిగుసుకునేలా చేస్తుంది, ఎరుపు మాయమవుతుంది. వాపు తెచ్చే రక్షణ కణాల్ని అణిచిపెడుతుంది, నొప్పీ ఉబ్బూ దిగుతాయి. రంగు తయారుచేసే కణాల పని మందగిస్తుంది, మొహం ఒక ఛాయ తేలుతుంది. ఇన్ని మంచి మార్పులు ఒకేసారి కనబడితే ఎవరు మాత్రం ట్యూబు వదిలిపెడతారు?

కానీ మొహం చర్మం ముంజేతి చర్మం లాంటిది కాదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే మెత్తటి స్టెరాయిడ్ ఎక్కడ రాస్తే ఒంట్లోకి ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద ఇంకింది 1 అనుకుంటే నుదుటి మీద 6, దవడ మూల దగ్గర 13. పాతికేళ్లు దాటిన ఆడవాళ్లలో మొటిమలు ఎక్కువగా లేచేది కూడా ఆ దవడ వారనే, గడ్డం మీదే. ఇక క్లోబెటసాల్ ఈ కుటుంబంలో అందరికన్నా బలవంతుడు. మొహానికి వాడొద్దని, వరసగా రెండు వారాలు మించొద్దని దాని కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం మడత విప్పి చదివేవాళ్లు అరుదు.

నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద ఎర్రటి సన్న గీతలు కనబడతాయి, నూగు వెంట్రుకలు ఒత్తుగా మొలుస్తాయి, ఎండలోకి వస్తే మొహం భగ్గుమంటుంది. ఒకే పరిమాణంలో ఉన్న చిన్న చిన్న మొటిమలు గుంపుగా లేస్తాయి. వేటికని మందు మొదలుపెట్టారో అవే వస్తాయన్నమాట. భయపడి ట్యూబు ఆపితే రెండు మూడు రోజుల్లో మొహం ఎర్రబడి మండిపోతుంది, మళ్లీ రాస్తే చల్లబడుతుంది. "ఆ క్రీము నాకు పడింది, మానేస్తేనే పడట్లేదు" అనే మాట పుట్టేది ఇక్కడే. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాల్లో, మొహం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించారు. వాళ్లలో 433 మంది, అంటే నూటికి దాదాపు 15 మంది, మొహానికి స్టెరాయిడ్ రాస్తున్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువగా కనబడిన హాని మొటిమలు కొత్తగా రావడమో, ఉన్నవి ముదరడమో. చర్మవైద్యుల సంఘం గట్టిగా పట్టుబట్టాక 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. చట్టమైతే వచ్చింది. కౌంటరు దగ్గర పద్ధతి మారడానికి ఇంకా టైము పట్టేట్టుంది.

సరే, నాలుగో రోజు మండించే రెండో జాతి సంగతి. మొటిమ బయటికి కనబడక చాలా వారాల ముందే లోపల మొదలవుతుంది. వెంట్రుక కుదుటిలో రాలిపోవాల్సిన చర్మ కణాలు రాలకుండా, నూనెతో కలిసి అతుక్కుని దారి మూసేస్తాయి. డెల్టా రైతుకి ఇది చెప్పక్కర్లేదు: బోదె పూడిపోతే నీళ్లు గట్టు తెంచుకుంటాయి. స్టెరాయిడ్ గట్టు తెగిన చోట గుడ్డ కప్పుతుంది. ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్లు పూడిక తీస్తాయి. కణాలు వేళకి రాలేలా, కొత్తవి వేళకి పుట్టేలా చేస్తాయి. ఈ పని ఫలితం పైకి కనబడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి కొన్ని వారాల్లో లోపల దాక్కున్న మొటిమలు కొన్ని పైకి తన్నుకొస్తాయి కూడా. సరిగ్గా అప్పుడే చాలామంది "పడలేదు" అని మానేస్తారు.

సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకి ఈ మందులు పడవనే నమ్మకం పూర్తిగా నిజం కాదు. చాలాసార్లు పడనిది మందు కాదు, రాసే తీరు. మొహమంతటికీ కలిపి కావలసింది బఠాణీ గింజంత. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమ లేచే భాగమంతా పలచగా పూయాలి. రాత్రిపూటే రాయాలి, ఎందుకంటే ట్రెటినాయిన్ వెలుతురులో చెడిపోతుంది. మొహం కడిగిన వెంటనే తడి మీద రాస్తే ఎక్కువ ఇంకి మంట రేగుతుంది, ఇరవై నిమిషాలు ఆరనివ్వాలి. మొదట్లో మూడు రాత్రులకోసారి, ఓర్చుకుంటే రాత్రి విడిచి రాత్రి, ఆ తర్వాతే రోజూ. ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద మందు రాసినా తప్పులేదు. కంటి రెప్పలు, ముక్కు పక్క మడతలు, పెదాల చివరలు వదిలేయాలి. ఇంత నెమ్మది ఎందుకంటే, మన రంగు చర్మం మీద మంట రేగితే నల్లమచ్చ మిగిలే అవకాశం ఎక్కువ. తొందరపడి రోజూ రుద్దితే మొటిమ పోయి మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ కోసం మళ్లీ తెల్లబడే క్రీము వెతుకుతారు. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. చేల గట్ల మీద ఎండలో ఉండేవాళ్లకి దానికి తోడు గొడుగో, నెత్తిన తువ్వాలో.

వింతేమిటంటే, అమెరికాలో అడాపలీన్ 0.1 శాతం జెల్ 2016 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది, బలమైన స్టెరాయిడ్‌కి మాత్రం చీటీ కావాల్సిందే. మన కౌంటర్ల మీద లెక్క దాదాపు తిరగేసి ఉంటుంది.

బెంజాయిల్ పెరాక్సైడ్ ఇంకో మంచి మందు. మొటిమల బాక్టీరియాని ఆక్సిజన్‌తో చంపుతుంది. దీనికి ఆ బాక్టీరియా అలవాటుపడదు. 2.5 శాతం దాదాపు 10 శాతమంత పనీ చేస్తుంది, మంట తక్కువ, కాబట్టి పెద్ద అంకె చూసి కొనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: తగిలిన గుడ్డ రంగు పోతుంది. పెడన కలంకారీ చున్నీ మెడలో వేసుకుని దీన్ని రాసుకోకండి. మే నెల ఎండలో బండి డిక్కీలో పెట్టడం కూడా మంచిది కాదు, వేడికి ఈ మందు విడిపోయి కొద్దికొద్దిగా బెంజీన్ పుడుతుంది. క్లిండమైసిన్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే బాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది, అందుకే దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జోడిస్తారు. యాంటీబయాటిక్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. మొటిమలకు మింగే డాక్సీసైక్లిన్ వంశానికి మూలపురుషుడు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి డగ్గర్ అనే శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. అప్పటికి అక్కడ పరిశోధనలు నడిపిస్తున్నది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

మన ఊళ్లలో మొటిమల్లా కనబడేవన్నీ మొటిమలు కావు. ఉక్కపోతలో నుదుటి మీద, ఛాతీ మీద, వీపు మీద ఒకే సైజులో లేచి దురదపెట్టే పొక్కులు మలసీజియా అనే ఫంగస్ పని కావచ్చు. వాటికి యాంటీబయాటిక్ ఇస్తే తగ్గకపోగా పెరుగుతాయి. తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి పడుకుంటే అది నుదుటి మీదికి జారి కుదుళ్లు మూస్తుంది. చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు వేసుకున్న చోట, చెవి తమ్మెల దగ్గర దురదా దద్దురూ వస్తే నికెల్ పడట్లేదేమో చూడాలి. దానికి మొటిమల మందు రాస్తే మంట రెట్టింపవుతుంది. రెటినాయిడ్ వాడుతున్న మొహాన్ని సున్నిపిండితో రుద్దడం, నిమ్మకాయ పులమడం పూర్తిగా మానాలి. నిమ్మరసంతో ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు నల్లబడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, పొడిబారే చర్మాన్ని అవి ఇంకా బిగదీస్తాయి. మొహానికి వరకైనా మంచినీళ్లు, రోజుకి రెండుసార్లు, నురగ తక్కువ సబ్బు.

ముప్పై దాటాక మొదలై, నెలసరి ముందు పెరిగి, దవడ వారన గట్టిగా నొప్పితో లేచేవి హార్మోన్ల తాలూకువి కావచ్చు. నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తున్నా పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో పరీక్షలు చేయించుకోవాలి. పూతమందు ఒక్కటే ఈ మొటిమల్ని లొంగదీయలేదు. గర్భం నిలిచినా, కావాలనుకుంటున్నా రెటినాయిడ్లు ఆపి డాక్టరుకి చెప్పాలి. అప్పుడు నిశ్చింతగా వాడగలిగేది అజెలాయిక్ యాసిడ్. సున్నితమైన చర్మానికీ అది నెమ్మదస్తుడే, మచ్చల్ని కూడా తేలిక చేస్తుంది.

ఇప్పటికే ఏళ్ల తరబడి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే ట్యూబు చెత్తబుట్టలో పారేయొద్దు. బలమైన దాన్నించి మెత్తటి దానికి దింపాలా, ఒక్కసారిగా ఆపి వేరే మందుతో మంట అదుపు చేయాలా అన్నది మొహం చూసి డాక్టరు తేల్చాల్సిన విషయం. కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మొదటి నెల అన్నిటికన్నా కష్టం, ఇంట్లోవాళ్లు "డాక్టరు దగ్గరికెళ్లాకే ఎక్కువైంది" అనే నెల కూడా అదే. వెళ్లేటప్పుడు రాసిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి, ఖాళీవి, నాన్న తామర ట్యూబు, డబ్బాలో తూచి ఇచ్చిన పేరులేని తెల్ల క్రీము సహా. "ఏదో రాశానండీ" అంటే డాక్టరు ఊహించాలి. ట్యూబు చూస్తే లోపల ఏ స్టెరాయిడో, ఎంత బలమైందో తెలుస్తుంది, ఏ మెట్టు నుంచి దింపాలో అక్కడే తేలుతుంది.