సూత్రం వచ్చు, రుణపత్రం?

డీఎస్సీ కోచింగ్‌కని అవనిగడ్డ వెళ్లే అమ్మాయికి ఇంట్లోవాళ్లు 50 వేలు అప్పు తెచ్చారనుకుందాం. ఊళ్లో వడ్డీ నూటికి రెండు రూపాయలు. నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు, అంటే 24 శాతం. బ్యాంకువాళ్లు ఇదే 24 శాతం అడిగితే గుండె గుభేలుమంటుంది. 'రెండు రూపాయలే' అంటే మాత్రం ఎవరూ ఉలిక్కిపడరు.

ఆ అమ్మాయికి వడ్డీ లెక్క రాక కాదు. డీఈడీలోనో బీఈడీలోనో చక్రవడ్డీ ఎలా బోధించాలో పాఠ్యపథకం రాసే ఉంటుంది. చిక్కల్లా అదే లెక్కను సొంత కాగితాల మీద వేసుకోవడంలో ఉంది. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019 సర్వేలో ఆర్థిక అక్షరాస్యులుగా తేలినవాళ్లు దేశం మొత్తమ్మీద 27 శాతమే. 2013లో అది 20 శాతం. 2019 సర్వే తెలివిడితో పాటు అలవాటునూ, డబ్బు పట్ల ధోరణినీ చూసింది. మూడింటిలోనూ కనీస మార్కులు రావాలి. సూత్రం అప్పజెప్పితే పాసయ్యే పరీక్ష కాదది.

టీచరు ఉద్యోగం వచ్చాక బండి లోను సంగతి చూడండి. లక్ష రూపాయలు, రెండేళ్లు, 12 శాతం 'ఫ్లాట్'. వడ్డీ 24 వేలు, నెల కిస్తీ సుమారు 5,167. ఊరి వడ్డీలో సగమే కదా అనిపిస్తుంది. కానీ ఏడాది తిరిగేసరికి అసలులో దాదాపు సగం కట్టేసినా, వడ్డీ మాత్రం ఇంకా పూర్తి లక్ష మీదే పడుతుంటుంది. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే అది దాదాపు 21.6 శాతం. ఊరి వడ్డీకి కూతవేటు దూరం! 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు రిజర్వ్ బ్యాంక్ తప్పనిసరి చేసిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఛార్జీలతో కలిపి నిజమైన రేటు అదే. సంతకానికి ముందు చూడాల్సిందీ అదే.

పెన్షన్ దగ్గర సీనియర్ల సలహా కూడా పనికిరాదు. 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరినవాళ్లకు పాత పెన్షన్ ఉంది, ఈ లెక్కలతో వాళ్లకు పనిపడలేదు. ఆ రోజు నుంచి చేరినవాళ్లు సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం)లో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) మూలవేతనం 32,670తో మొదలవుతుంది. దాని మీదే నెలకు 3,267 కోత, డీఏ మీద కోత అదనం. ప్రభుత్వమూ అంతే జమ చేస్తుంది. రిటైరయ్యాక 60 శాతం వరకు చేతికి, కనీసం 40 శాతంతో యాన్యుటీ. మొత్తం ఎంత పోగవుతుందన్నది మార్కెట్‌ను బట్టి ఉంటుంది.

సొంత కాగితాల మీద లెక్క వేసుకోవడం నేర్పడానికి డీఈడీ, బీఈడీల్లో కొత్త పేపరు పెట్టనక్కర్లేదు. ఎనిమిదో తరగతి చక్రవడ్డీ పాఠ్యపథకంలో ఊహాజనితమైన 5,000 రూపాయల అసలు బదులు ఒక రుణపత్రం, ఒక సీపీఎస్ ఖాతా స్టేట్‌మెంట్ ముందుంచి, మొదటిదాంట్లో ఏపీఆర్ ఎక్కడుందో, రెండోదాంట్లో ఎంత జమైందో వెతకమంటే చాలు. రెండు పీరియడ్ల పని.