పాజిటివ్ వస్తే జబ్బున్నట్టేనా?

‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని అందరికీ చెప్పేవాళ్లే, ల్యాబ్ రిపోర్టులో ఆ మాట కనిపిస్తే బేజారైపోతారు. ల్యాబ్‌వాళ్లకు అందులో మంచీ లేదు, చెడూ లేదు. వెతికింది దొరికింది, అంతే. ఏం వెతికారన్నది మాత్రం మనం అడగం.

అపోహ: వైడల్ పాజిటివ్ వస్తే టైఫాయిడే.

వాస్తవం: వానాకాలంలో రెండ్రోజుల జ్వరానికే ఈ పరీక్ష చేయించుకుని, సాయంత్రానికల్లా సెలైన్ ఎక్కించుకునేవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. 1896లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ వీడాల్ వెలుగులోకి తెచ్చిన ఈ పరీక్ష అసలు టైఫాయిడ్ క్రిమి జోలికే పోదు. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టుకుంటుంది. అవి ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌వి కావచ్చు, వేయించుకున్న టీకావి కావచ్చు, ఆ క్రిమి జాతికే చెందిన మరో సాల్మొనెల్లావీ కావచ్చు.

రిపోర్టులో ‘ఓ’, ‘హెచ్’ అక్షరాల ఎదురుగా 1:80, 1:160 అని అంకెలుంటాయి చూడండి. రక్తరసిని అంతగా పలచన చేసినా అందులోని యాంటీబాడీలు పరీక్ష ద్రావణంలోని క్రిములను గుంపుగా అతుక్కునేలా చేశాయని అర్థం. టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతుండే మనలాంటి చోట్ల ఏ జ్వరమూ లేనివాళ్లకూ 1:80 రావచ్చు. మరోపక్క, నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకు మొదటి వారంలో నెగెటివ్ రావడమూ ఉంది. నమ్మదగింది, రక్తంలోని క్రిమినే పెంచి చూసే బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి, ఫలితం కోసం రెండు మూడు రోజులు ఆగాలి. ఆ ఆగలేకపోవడమే వైడల్‌ను ఇన్నాళ్లూ బతికిస్తోందని నా అనుమానం.

అపోహ: ఎన్ఎస్1 నెగెటివ్ వచ్చింది, ఇక డెంగీ లేనట్టే.

వాస్తవం: ఎన్ఎస్1 డెంగీ వైరస్ తాలూకు ప్రొటీన్. జ్వరం మొదలైన నాలుగైదు రోజుల్లోనే అది బాగా దొరుకుతుంది. ఏడో రోజున వెళ్లి ఆ పరీక్ష ఒక్కటే చేయించుకుంటే లాభం లేదు, అప్పటికి ఐజీఎం అనే యాంటీబాడీ చూడాలి. ఐజీజీ అనే మరో యాంటీబాడీ ఒక్కటే పాజిటివ్ అయితే అది చాలావరకు పాత డెంగీ ఆనవాలు.

క్షయకు చేసే మాంటూ పరీక్షదీ ఇదే కథ. చేతిమీద వాపు వచ్చిందంటే ఒంటికి ఆ క్రిమితో ఎప్పుడో పరిచయం అయిందనే అర్థం, ఒక్కోసారి బీసీజీ టీకా వల్లా వాపు వస్తుంది.

అపోహ: నెగెటివ్ బ్లడ్ గ్రూపు ఒక లోపం.

వాస్తవం: ఎర్ర రక్తకణాల మీద ‘డి’ అనే యాంటిజెన్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. అది లేనందువల్ల ఆరోగ్యానికి వచ్చే లోటేమీ లేదు. దీన్ని సాకుగా చూపి సంబంధం వద్దనుకునే పెద్దలకు చెప్పాల్సింది ఒకటే: భార్యది నెగెటివ్, భర్తది పాజిటివ్ అయితే గర్భం నిలిచిన తొలిరోజుల్లోనే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. ఏడో నెలలో ఒకసారి, బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. గర్భస్రావమైనా డాక్టరును దీని గురించి అడగాలి.