రూ.11,440 కోట్ల జవాబులో ఏముంది?

2025 జనవరి 17న కేంద్ర ప్రభుత్వం విశాఖ ఉక్కు కర్మాగారానికి రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అంతకు ముందు రోజే ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ దానికి ఆమోదం తెలిపింది. విశాఖ ఉక్కును ప్రభుత్వం గాలికి వదిలేసిందని పార్లమెంటులో ఎవరైనా అంటే, మంత్రి చేతిలో ఇప్పుడు ఈ అంకె ఉంది. చాలా పెద్ద అంకె. అది చెప్పాక మరో ప్రశ్న వేయడానికి సభ్యుడు తడుముకుంటాడు.

ఆ జవాబు సభలో రెండు నిమిషాల్లో ముగుస్తుంది. దాని ఫలితం మాత్రం ఉక్కునగరంలో, గాజువాకలో, కూర్మన్నపాలెంలో నెలల తరబడి తెలుస్తూనే ఉంటుంది: జీతం పూర్తిగా పడిందా, కాంట్రాక్టు పాస్ మళ్లీ ఇచ్చారా, మూడో ఫర్నేసు వెలిగిందా అన్న రూపంలో. కాబట్టి ఆ అంకెను విడదీసి చూడడం మన అవసరం. అందుకు అర్థశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

రూ.11,440 కోట్లలో రెండు భాగాలున్నాయి. ఒకటి రూ.10,300 కోట్ల ఈక్విటీ, అంటే యజమానిగా ప్రభుత్వం పెట్టే మూలధనం. దీనికి వడ్డీ ఉండదు, నెలవారీ వాయిదా ఉండదు. రెండోది రూ.1,140 కోట్లు. ఇది కొత్త డబ్బు కాదు. 2024 సెప్టెంబరులోనే కంపెనీకి నిర్వహణ రుణంగా ఇచ్చేశారు. ప్యాకేజీలో ఆ రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చారు.

ప్రిఫరెన్స్ షేరు అప్పుకీ మూలధనానికీ మధ్యరకం. ఈ షేర్లపై ఏటా 7 శాతం డివిడెండ్ చెల్లించాలి. లాభం లేని ఏడాది చెల్లించకపోయినా ఆ బకాయి మరుసటి ఏడాదికి పోగుపడదు. పదేళ్ల తర్వాత అసలు తిరిగి ఇవ్వాలి. కష్టాల్లో ఉన్న కంపెనీకి ఇది నిజమైన ఊరటే. అయితే దీంతో కంపెనీ ఖాతాలోకి కొత్తగా ఒక్క రూపాయి రాదు. అందువల్ల కొత్త సొమ్ము ఎంత అని అడిగితే సరైన జవాబు రూ.10,300 కోట్లు.

ఇప్పుడు అవతలి పద్దు చూద్దాం. ఆ రోజు ప్రభుత్వం తన ప్రకటనలోనే ఇచ్చిన లెక్క ప్రకారం, 2024 మార్చి 31 నాటికి రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్, అంటే విశాఖ ఉక్కును నడిపే ప్రభుత్వ సంస్థ, ఏడాదిలోగా తీర్చాల్సిన బాకీలు రూ.26,114.92 కోట్లు. ఏడాదిలోగా చేతికి రాగల ఆస్తులు రూ.7,686.24 కోట్లు. తేడా రూ.18,428 కోట్లకు పైనే. నికర విలువ మైనస్ రూ.4,538 కోట్లు. అంటే ఉన్నదంతా అమ్మినా అప్పులు తీరవు. బ్యాంకులు ఇవ్వగలిగిన నిర్వహణ రుణ పరిమితి అయిపోయింది. 2024 జూన్‌లో వాయిదాలు, వడ్డీ కూడా కట్టలేకపోయింది.

ఈ లెక్కలు పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. రూ.10,300 కోట్లు రూ.18,428 కోట్ల గొయ్యిని పూడ్చవు. నికర విలువను గట్టెక్కించి, బ్యాంకులను మళ్లీ మాట్లాడుకునే స్థితికి తెచ్చి, ఆగిన కొలుములను వెలిగించడానికి దారి చేస్తాయి. పునరుద్ధరణ పూర్తయిందని ఈ అంకె చెప్పదు, మొదలుపెట్టడానికి వీలైందని చెబుతుంది. ఈ వీలు లేకపోతే ప్లాంటు ఆగిపోయేదే కాబట్టి దాని విలువ తగ్గించి మాట్లాడకూడదు.

కేబినెట్ ఆమోదించిందంటే డబ్బు వచ్చేసినట్టేనా? కాదు. రాజ్యాంగం 114వ అధికరణం ప్రకారం, పార్లమెంటు చట్టం ద్వారా అనుమతిస్తే తప్ప సంచిత నిధి నుంచి, అంటే ప్రభుత్వ ఆదాయమంతా జమయ్యే ఖజానా నుంచి, డబ్బు తీయడానికి లేదు. ఏడాది మధ్యలో కొత్త ఖర్చు వస్తే 115వ అధికరణం కింద అనుబంధ పద్దులు పెట్టి సభ సమ్మతి తీసుకోవాలి. 2025-26 బడ్జెట్‌లో విశాఖ ఉక్కుకు రూ.3,295 కోట్లు చూపారు. అలా ప్యాకేజీ అన్న ఒక్క మాట బడ్జెట్ పుస్తకాల్లోకి వచ్చేసరికి వేర్వేరు ఏడాదుల్లో వేర్వేరు మొత్తాలుగా కనిపిస్తుంది. ప్రకటన, మంజూరు, విడుదల, వినియోగం నాలుగు వేర్వేరు మెట్లు. మంత్రి జవాబులో ఉన్న అంకె ఏ మెట్టు మీదిదో సభ్యుడు ప్రతిసారీ అడగాలి.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. లోక్‌సభలో నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నలు రోజుకు 20. వాటికి మంత్రి లేచి నిలబడి చెప్పాలి, ఎదురు ప్రశ్న వేయవచ్చు. గుర్తు లేనివి 230. వాటికి రాతపూర్వక జవాబు సభా వేదికపై పెడితే సరిపోతుంది, ఎదురు ప్రశ్నకు చోటు లేదు. ఈ ప్లాంటులో వంద శాతం వాటాను, యాజమాన్య హక్కుతో సహా, అమ్మడానికి 2021 జనవరి 27న సూత్రప్రాయ ఆమోదం ఇచ్చారని 2021 మార్చిలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభకు తెలిపింది రాతపూర్వక జవాబులోనే. అడిగింది విశాఖ ఎంపీ. ఒక నగరం భవిష్యత్తును తేల్చే వాక్యం కాగితం మీద వచ్చి ఆగిపోయింది. 2025 నాటి ప్యాకేజీ ప్రకటన కూడా ఆ నిర్ణయాన్ని రద్దు చేశామని చెప్పలేదు. నోటిమాటగా ఎన్ని హామీలు వచ్చినా, ఆ రద్దు రాతలో కావాలని అడగడం కార్మికుల మొండితనం కాదు, న్యాయమైన కోరిక.

సభలో ఇచ్చిన మాట ఎన్ని దారులు పట్టగలదో విశాఖకు బాగా తెలుసు. ఉక్కు కర్మాగారం కోసం సాగిన 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక, 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో మూడు ఉక్కు కర్మాగారాలు ప్రకటించారు: విశాఖపట్నం, సేలం, హోస్పేట. అదే సభ, అదే రోజు, అదే ప్రకటన. సేలంలో కట్టింది ఖనిజాన్ని కరిగించే కర్మాగారం కాదు, స్టెయిన్‌లెస్ రేకులు తయారుచేసే యూనిట్. హోస్పేట దగ్గర తోరణగల్లులో శంకుస్థాపన జరిగింది కానీ ప్రభుత్వ కర్మాగారం రాలేదు. 1990లలో అదే ఊళ్లో జిందాల్ సంస్థ ప్రైవేటు ప్లాంటు మొదలుపెట్టింది. ఇవాళ అది దేశంలోని అతి పెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటి. ఆ మూడింటిలో ఖనిజం నుంచి ఉక్కు తీసే పూర్తి స్థాయి ప్రభుత్వ కర్మాగారంగా నిలబడింది విశాఖ ఒక్కటే.

దానికీ తొందరగా ఏమీ కాలేదు. 1971 జనవరి 20న శంకుస్థాపన. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పాటు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసులో మంట. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం. ఈ రెండు దశాబ్దాల్లో ఎంత ఆలస్యమైతే అంత ఖర్చు పెరిగింది. ఆ ఖర్చుకు అప్పులు, వడ్డీలు తోడయ్యాయి. భూములిచ్చిన పల్లెల వాళ్లకు ఇస్తామన్న ఉద్యోగాలు అందరికీ రాలేదు. నిర్వాసితుల బాకీ ఏ ఆస్తి అప్పుల పట్టీలోనూ కనిపించదు, కానీ అదీ ఈ సంస్థ బాకీయే.

ప్లాంటు ఎందుకు ఇంతగా కుంగిందో తెలియాలంటే ఫర్నేసుకు కావాల్సిన కోక్ తయారయ్యే ఓవెన్ల దగ్గరికి వెళ్లాలి. విశాఖలో ఒక్కో ఓవెన్ 7 మీటర్ల ఎత్తు ఉంటుంది, వెడల్పు మాత్రం అర మీటరు కూడా ఉండదు. వరుసగా పేర్చిన సన్నని గదుల్లా ఉంటాయి. అందులో కోకింగ్ బొగ్గు పోసి, గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు మించిన వేడిలో గంటల తరబడి కాలుస్తారు. తలుపు తీసి నెట్టగానే ఎర్రగా కణకణలాడే కోక్ గోడలా కూలి బయటికొస్తుంది. ఆ గదుల గోడలు సిలికా ఇటుకలవి. ఒకసారి వేడెక్కిన సిలికా ఇటుక చల్లబడితే సంకోచించి పగుళ్లిస్తుంది. కనుక బొగ్గు ఉన్నా లేకున్నా ఓవెన్‌ను చల్లారనివ్వకూడదు.

ఆ బొగ్గు ఎక్కువగా సముద్రం మీద, ప్రధానంగా ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. పక్కనున్న గంగవరం రేవు నుంచి కన్వేయరు బెల్టు మీద ప్లాంటులోకి చేరుతుంది. 2024 ఏప్రిల్‌లో రేవు కార్మికుల సమ్మెతో ఆ బెల్టు ఆగితే, కంటికెదురుగా బొగ్గు గుట్టలుండి కూడా ప్లాంటు ఇబ్బంది పడింది. చేతిలో డబ్బు లేని సంస్థ ముందుగా సరుకు కొని నిల్వ పెట్టుకోలేదు. నిల్వ లేక ఉత్పత్తి తగ్గుతుంది, ఉత్పత్తి తగ్గితే టన్నుకు అయ్యే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే నష్టం, నష్టం వస్తే అప్పు పుట్టదు. 2021-22లో రూ.913 కోట్ల లాభం చూపిన సంస్థ 2023-24లో రూ.4,848 కోట్ల నష్టంలోకి జారింది ఈ చక్రంలో పడే. 2024 సెప్టెంబరులో ఒక దశలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అన్న పేర్లున్న మూడు ఫర్నేసుల్లో ఒక్కటే నడిచింది.

ప్యాకేజీ ఈ చక్రాన్ని ఆపిందా? కొంత మేరకు ఆపింది. 2025 జనవరికి రెండు ఫర్నేసులు, ఆగస్టుకి మూడూ నడపాలన్నది లక్ష్యం. మూడోది జూన్ ఆఖరుకే వెలిగింది. అది కార్మికుల, ఇంజనీర్ల గొప్పతనం. అదే కాలంలో స్వచ్ఛంద పదవీ విరమణలు జరిగాయి. తొలగింపులను వ్యతిరేకిస్తూ మేలో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. 73 లక్షల టన్నుల సామర్థ్యం గల ప్లాంటును తక్కువ మందితో నడపమంటే భద్రత ఎవరి పూచీ అన్నది కూడా సభలో అడగాల్సిన ప్రశ్నే.

మూలధనం విషయంలో మంత్రులు ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. 2024 మార్చి నాటికి ఈ సంస్థలో కేంద్రం పెట్టిన ఈక్విటీ సుమారు రూ.4,890 కోట్లు. దానికి రెట్టింపుకు మించి ఒక్క ప్యాకేజీలో పెట్టాల్సి వచ్చిందంటే, విస్తరణ అప్పుల మీద జరిగిన రోజుల్లో పెట్టాల్సింది ఇప్పుడు పెడుతున్నారన్నమాట. దీన్ని ఉదారతగా చెప్పుకోవడం సరికాదు. ఆలస్యంగానైనా యజమాని తన వంతు తెచ్చాడు.

ఇక ఇనుప ఖనిజం. టన్ను ఉక్కు తీయాలంటే సుమారు 1.6 టన్నుల ఖనిజం కావాలి. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కు, ప్రైవేటు సంస్థ టాటాకు సొంత గనులున్నాయి. విశాఖ ఉక్కుకు లేవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లాలో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ తవ్విన ఖనిజాన్ని అది మార్కెట్ ధరకు కొనుక్కుంటుంది. జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీదే ఆ ఖనిజం దిగుతుంది. తూర్పు కనుమల సొరంగాలు దాటి వచ్చే ఆ వ్యాగన్లలో కొన్ని ప్లాంటుకు, కొన్ని రేవుకు పోతాయి. సొంత గని ఉన్న సంస్థకూ, లేని సంస్థకూ టన్నుకు వేల రూపాయల తేడా వస్తుంది. ఉక్కు ధర పడిపోయిన ఏడాది ఆ తేడాయే నష్టం.

ఈ లోటు తీర్చుకోవాలని సంస్థ ఒక ప్రయత్నం చేసింది. 2011లో ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్‌లో 51 శాతం వాటాను రూ.361 కోట్లకు తీసుకుంది. ఒడిశాలో లీజులున్న ఒరిస్సా మినరల్స్ డెవలప్‌మెంట్ కంపెనీ దాని కిందే ఉంది. గనులు చేతికి వచ్చినట్టే అనుకున్నారు. లీజుల గడువు, అనుమతుల చిక్కుల్లో తవ్వకం ఆగి, విశాఖ ఫర్నేసులకు ఆ ఖనిజం అక్కరకు రాలేదు.

గనులకు సంబంధించిన చట్టంలో 17ఏ సెక్షన్ ప్రకారం కేంద్రం కొన్ని ప్రాంతాలను ప్రభుత్వ కంపెనీలకు ప్రత్యేకంగా కేటాయించవచ్చు. దారి లేదనడానికి వీల్లేదు. కాబట్టి ఉక్కు మంత్రి హెచ్‌.డి. కుమారస్వామినైనా, మన నరసాపురం నుంచే ఎన్నికైన సహాయ మంత్రి భూపతిరాజు శ్రీనివాస వర్మనైనా మన ఎంపీలు నక్షత్ర గుర్తు ప్రశ్నగా అడగాల్సింది ఇది: రూ.10,300 కోట్లలో ఇప్పటివరకు ఎంత విడుదలైంది, అందులో పాత బాకీలకు ఎంత పోయింది, ముడిసరుకుకు ఎంత మిగిలింది, 17ఏ కింద ఏ గనిని ఏ తేదీలోగా కేటాయిస్తారు?