కత్తిపై ఊరి పేరు

ఫ్రీమాంట్ పరిసరాలలోని గరాజ్ సేల్స్‌లో, పాత సామానుల సంతలలో జర్మన్ కత్తులు అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. వాటి వయస్సును అంచనా వేయుటకు ఒక భూతద్దం, కొంత ఓర్పు చాలును. అలుగు మొదట, పిడి దగ్గర ఉండే ముద్రయే కత్తి జాతకం.

దిగుమతి వస్తువుపై తయారైన దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం 1891లో అమలులోకి వచ్చింది. కనుక ఇక్కడ దొరికే కత్తిపై ‘జర్మనీ’ అని ఉంటే అది సాధారణంగా ఆ తరువాతిదే. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949–1990 నడుమ కాలానిది. ‘రోస్ట్‌ఫ్రై’ అనగా తుప్పు పట్టనిది. క్రోమియం కలిపిన అట్టి ఉక్కు 1910 దశకంలో వెలువడినది గనుక, ఆ మాట ఉన్న కత్తి 19వ శతాబ్దిది కాజాలదు. హెంకెల్స్ వారి కవలల చిహ్నం 1731లో నమోదైనది. నేటికీ వాడుకలో ఉన్నందున అదొక్కటే వయస్సుకు ప్రమాణం కాదు.

పాత కర్బనపు ఉక్కు కాలక్రమంలో బూడిద వన్నెకు తిరుగుతుంది. దానిని సానపట్టి మెరిపిస్తే ముద్ర అరిగిపోయి ఆధారమే నశిస్తుంది. మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాసి ఉంచుట మేలు.

ఈ కత్తులపై తరచు కనిపించే పేరు సోలింగెన్. ఆ ఊరి పరిధిలో తయారు కాని కత్తిపై ఆ పేరు వేయరాదని 1938లో జర్మనీ చట్టం చేసింది.

మన కోనసముద్రానికి అట్టి రక్షణ లభించలేదు. నిజామాబాద్ జిల్లాలోని ఈ గ్రామంలో కమ్మరులు మట్టి మూసలలో ఇనుమును కరగించి, సుమారు ఒకటిన్నర శాతం కర్బనం గల ఉక్కును తీసేవారు. నేటి జర్మన్ వంటకత్తిలో ఉండేది అర శాతమే. ఆ ఉక్కు కొనుటకు పారశీక వర్తకులు అక్కడికి వచ్చేవారని 19వ శతాబ్ది ప్రథమ పాదంలో హెన్రీ వాయిసీ వ్రాసెను. దక్షిణాది ఉక్కుతో చేసిన ఖడ్గాలపై అలల వంటి చారలు తేలేవి. ప్రపంచం వాటిని డమాస్కస్ ఖడ్గాలన్నది. ఫ్రీమాంట్‌కు అఖాతం ఆవల ఉన్న స్టాన్‌ఫర్డ్‌లో ఓలెగ్ షెర్బీ, జెఫ్రీ వాడ్స్‌వర్త్ 1970 దశకంలో అధిక కర్బనపు ఉక్కును పరిశోధిస్తూ ఈ ఖడ్గాల లోహాన్నే తలపించే ఫలితాలను పొందారు.

వంటింటి కత్తిపై సోలింగెన్ పేరును మన పిల్లలు చదివినప్పుడు, ముద్ర పడని కోనసముద్రం పేరును కూడ వారికి చెప్పుట మన విధి.